బూజుకు ఉగ్గు

స్పిరిట్ దీపం మంటకు గాజుకుప్పె మూతి చూపించి, కాంతమణి నాలుగు చుక్కల నిమ్మగడ్డి నూనె లోపలికి వదిలింది. మళ్లీ దూది బిగించి, కుప్పెను వెనక వరుసలో పెట్టింది.

లోకంలో ఆడవాళ్లంతా బూజు దులుపుతారు. ఈవిడ ముప్పై ఒక్కేళ్లుగా బూజును పెంచుతోంది! తిరుమలగిరిలోని ఆ సుగంధ తైలాల పరిశోధనశాలలో ఆమె అటెండరు. పొట్టి మనిషి. సోడాపొడికి పగిలిన వేళ్లు, కొప్పులో దోపిన పెన్సిలు, ఎవరేమన్నా తలూపే అలవాటు. సీసాలు కడగడం, బూజుకు బంగాళదుంప గంజి కాయడం ఆమె పని. ఈ సాయంత్రం ఆమె రిటైరవుతోంది.

నిమ్మగడ్డి నూనెను బూజుచేత తినిపించి గులాబీ వాసన రాబట్టాలని ఆఫీసరు రామభద్రరావు రెండేళ్లుగా తపస్సు చేస్తున్నాడు. నూనె పోయగానే బూజు నల్లబడి చచ్చేది. పైవాళ్లకు విసుగెత్తింది. ఇవాళ్టితో ఆ పని ఆపేయమని ఉత్తరం వచ్చింది.

"కాంతమణమ్మా, కుప్పెలన్నీ బాయిలర్‌లో వేసి ఉడికించేయండి" అన్నాడాయన నీరసంగా.

ఆమె తలూపింది. ఒక్కొక్క కుప్పే బాయిలర్లోకి చేరింది. వెనక వరుసలోది తీసేసరికి చెయ్యి ఆగిపోయింది. అడక్కుండా చేసిన పని. చెబితే చివరిరోజున చీవాట్లు, చెప్పకపోతే బూజు ఉడికిపోతుంది.

"సార్, దీన్ని జెర వాసన చూడుండ్రి."

"ఇదెవరు పెట్టారు?"

"నేనే పెట్టిన. కోపం జేసినా సరే. మీరు నూనె ఒక్కపారే గుమ్మరిస్తుండ్రి. పసిగుడ్డుకు బిర్యానీ పెడితే బతుకుతదా సార్? నేను ఉగ్గు పెట్టినట్టు పూటకు నాలుగు చుక్కలే పెట్టిన, పదిహేను దినాలు. ఆదివారం సుత చర్చి అయినంక వచ్చిన."

ఆయన దూది లాగాడు. వాసన చూశాడు. కుప్పె పట్టుకుని, నూనెలో ఏముందో కాగితం మీద గీత గీసి చూపే పరీక్ష యంత్రం దగ్గరికి దాదాపు పరుగెత్తాడు. గంటసేపు కాగితం మెల్లగా జరుగుతూనే ఉంది. కాంతమణి గోడకానుకుని పెదాలతోనే ప్రార్థన చేసుకుంది. ఉన్నట్టుండి యంత్రం ముల్లు లేచి, కాగితం పైఅంచుదాకా గీత గీసింది.

"గులాబీయే! కాంతమణమ్మా, గులాబీయే!" చిన్నపిల్లాడిలా అరిచాడాయన.

పైవాళ్లకు అప్పుడే ఫోన్ చేసి, పని ఆపేది లేదని గట్టిగా చెప్పాడు. తన కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి, టీ స్వయంగా తెచ్చిచ్చాడు. ముప్పై ఒక్కేళ్లలో ఆ గదిలో ఆమె కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. ఒళ్లు పొంగిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

"ఇంతకాలం ఒక్క మాటైనా చెప్పలేదేమమ్మా?"

"అడిగితే గద సార్, చెప్పేది!"

ఆయన తల దించుకుని, తరవాత తనూ నవ్వేశాడు.

అయిదింటికి ఆమె చేతులు కడుక్కుంది. "పొద్దుగాల నాలుగు, పొద్దుమీకి నాలుగు. ఆదివారం మర్వకుండ్రి" అని చెప్పి, మౌలాలి బస్సెక్కి వెళ్లిపోయింది.

ఫ్రిజ్‌లో అంకెలు మాత్రమే అంటించిన గాజు గొట్టాల వరుస చివర, ఆ కుప్పెలోని బూజును కొత్తగా నాటిన సన్నటి గొట్టం ఒకటుంది. దాని చీటీ మీద రామభద్రరావు చేతిరాతలో సిరా ఇంకా ఆరని పేరు, కాంతమణి.