వాగు గట్టున ఆగిన డ్రోన్లు

ఒక్క గాలి లేచినా బాగుండు, వాటిలో ఒకటైనా తటాలున కూలి ముళ్ళకంపలో పడితే బాగుండు అనుకుంటూ లిండ్సే దొడ్డి కంచె మీద మోచేతులు ఆన్చి నిలబడ్డాడు, ఆకాశం మాత్రం కడిగిన కంచంలా ఉంది, ఎనిమిది డ్రోన్లు తొమ్మిది వందల గొర్రెల వెనక గద్దల్లా తేలుతూ వస్తున్నాయి, కాళ్ళ దగ్గర అతని కుక్క టిల్లీ మూతి ముందుకాళ్ళ మధ్య పెట్టుకుని పడుకుంది, నిన్న ఇదే మందను ఇదే దారిలో తనూ అదీ మూడున్నర గంటల్లో తోలుకొచ్చారు, ఇవాళ వీటి వంతు, ఎవరు త్వరగా తెస్తే ఇకపై పని వాళ్ళదే అన్నాడు యజమాని హాల్డేన్, అని ఊరుకోకుండా ఆ డ్రోన్లు తెచ్చిన ఇంజనీరు పిల్లకి నీడలో కుర్చీ వేయించాడు, ముప్పై ఏళ్ళలో తనకి వేయించాడా ఒక్కసారైనా.

టెగన్ అట ఆ పిల్ల పేరు, ఆపిల్ కొరుక్కుంటూ కూర్చుంది, ఒళ్ళో కంప్యూటర్ ఉంది గానీ వేలు పెట్టడం లేదు, ఎటు తిరగాలో అవే తేల్చుకుంటాయి అంటుంది, అంత తెలివి ఎక్కడిదమ్మా అని తను అడిగితే హాల్డేన్ పకపకా నవ్వి, పద్నాలుగేళ్ళకే బడి మానేసినోడు, వీడికి అర్థమయ్యేలా చెప్పు టెగన్ అన్నాడు, ఆమె చెప్పింది, కంప్యూటర్‌లో ఉత్తుత్తి డ్రోన్లని పుట్టించి ఉత్తుత్తి గొర్రెల్ని తోలిస్తాం, తోలలేనివి పోతాయి, తోలినవాటి బుద్ధులు రెండేసి కలిపి పిల్లల్ని తీస్తాం, అక్కడక్కడా చిన్న తేడా పెట్టి మళ్ళీ తోలిస్తాం, ఓస్ ఇంతేనా, ఇది తను కుక్కలతో చేసిన పనే కదా, కాకపోతే తనకి పదకొండు తరాలకి ముప్పై ఏళ్ళు పట్టింది, ఈవిడకి నాలుగు వేల తరాలు శని ఆదివారాల్లో అయిపోయాయి, పైగా పనికిరాని కూనల్ని కొట్టం వెనక్కి తీసుకెళ్ళి తుపాకీ పేల్చింది తను, వాటిలో ఆ చిన్న గోధుమరంగుది చివరిదాకా తన చెయ్యి నాకుతూనే ఉండింది, ఈమె చేతికి ఆపిల్ రసం తప్ప ఏదీ అంటలేదు.

అదిగో ఆగాయి, ఎండిన వాగు గట్టున ఎనిమిదీ గాల్లో అలాగే నిలిచిపోయాయి, లిండ్సే గుండె గంతేసింది, చెడిపోయాయి చూడు హాల్డేన్ అని అరిచాడు, టెగన్ తలైనా ఎత్తకుండా, లేదు లిండ్సే, అక్కడ ఎప్పుడూ ఆగుతాయి, పోయినేడు మీ టిల్లీ మెడకి కట్టిన పట్టీ ఉందే, అందులో నమోదైన దాని నడకలే వీటి మొదటి తరం, తర్వాత అన్నీ మారిపోయాయి, ఈ ఆగడం ఒక్కటి పోలేదు, తీసేసి చూస్తే మంద చెదురుతోంది, ఎందుకో నాకూ అంతుబట్టలేదు అంది, కుక్క తప్పిపోతే వెతకడానికే ఆ పట్టీ అనుకుని తన చేత్తోనే కట్టాడు, ఎంత తెలివితక్కువవాడు తను, ఇంతలో కింద గొర్రెలు ఊపిరి తీసుకున్నాయి, ముసలి గొర్రె ఒకటి దారి చూసుకుని వాగులోకి దిగింది, మిగతావి దాని వెనకే.

రెండు గంటల యాభై నిమిషాలు అన్నాడు హాల్డేన్ గడియారం చూసి, ఏమంటావురా లిండ్సే, లిండ్సే వంగి మోకాలు నిమురుకున్నాడు, ఎప్పుడో గుర్రం మీదనుంచి పడి చితికిన ఆ మోకాలు మంద తోలేటప్పుడల్లా ఆ గట్టు రాళ్ళ దగ్గరే పట్టేస్తుంది, అక్కడ ఆగి కాలు చాపుకుంటాడు, తను ఆగుతాడని టిల్లీ ఆగుతుంది, డ్రోన్లు అక్కడ ఎందుకు ఆగుతాయో టెగన్‌కి చెప్పొచ్చు, చెప్పడు, చచ్చినా చెప్పడు, తను రేపు సామాను సర్దుకుని పోతాడు, నాలుగు వేల తరాలు ఏరినా పోని తన కుంటి కాలు మాత్రం ఇక్కడే, ఈ వాగు మీద, గాల్లో నిలబడి ఉంటుంది, పొద్దుట్నించీ కూలిపోవాలని తను కోరుకున్నదీ అదే.