మదీహాకు లెక్కలు రావన్న మాట

బోధన్ పాత బస్టాండు దగ్గరి బట్టల దుకాణంలో చీరల విభాగం బాధ్యత స్నేహలతది. కొత్తగా చేరిన అమ్మాయిలకు పని నేర్పేది ఆమే. కసురుకోదని, ఓపిగ్గా చెబుతుందని పేరు. అందరూ నోరారా అక్కా అనేవారు.

ఆ ఏడు పెళ్లిళ్ల ముందు సేటు భానుప్రసాద్ బిల్లింగ్‌కు కొత్త కంప్యూటర్ తెప్పించాడు. చీరల విభాగం నుంచి ఎవరైనా ఒకరిని పంపితే పని నేర్పిస్తానన్నాడు. ఆ సంగతి తెలియగానే అక్కడ చీరలు చూపించే మదీహా స్నేహలత దగ్గరికి పరుగున వచ్చింది.

"అక్కా, నన్ను పంపు. ఎన్ని రోజులని చీరలు విప్పుకుంట మడుచుకుంట ఉండాలె? కంప్యూటర్ పని నేర్సుకుంట."

స్నేహలత వెంటనే సరేననలేకపోయింది. మదీహా అమ్మమ్మది మహారాష్ట్రలోని బిలోలి. మరాఠీ ఈ పిల్లకు ఇంట్లో మాటంత తేలిక. ధర్మాబాద్ నుంచీ బిలోలి నుంచీ పెళ్లి బట్టలకు వచ్చేవాళ్లు గడప దాటకముందే ఆ పిల్ల ఎక్కడని అడుగుతారు. తొమ్మిది గజాల చీరలు ఆమె విప్పి చూపిస్తే, ఒకటి కొందామని వచ్చినవాళ్లు చుట్టాలందరికీ కొనుక్కుని పోతారు. అటువంటి మనిషిని ఇప్పుడు వదులుకోవడం ఎలా?

ఆ మాటే చెప్పి ఉంటే సరిపోయేది. కానీ నువ్వు లేకపోతే నాకు గడవదు అనడానికి స్నేహలతకు నోరు రాలేదు. తెలిస్తే పిల్ల నెత్తికెక్కుతుందనుకుంది.

"నీకు లెక్కలు సక్కగ రావు గద మదీహా. బిల్లు తప్పువోతే సేటు ఊకుంటడా? ముందుగాల గవి నేర్సుకో, మల్ల సూద్దాం."

మదీహా మొహం చిన్నబోయింది. "అట్లనా అక్కా" అని వెళ్లిపోయింది. సేటుతో మాత్రం స్నేహలత అసలు కారణం ఉన్నదున్నట్టు చెప్పి, తన దగ్గరే పనిచేసే మహేష్‌ను బిల్లింగ్‌కు పంపించింది.

అప్పటిదాకా నోటిలెక్క చకచకా చెప్పే మదీహా తడబడడం మొదలుపెట్టింది. మొత్తం ఎంతయిందని ఎవరైనా అడిగితే మహేష్ వైపు చూసేది. ఒకనాడు ఒక ముసలామెతో మరాఠీలో ఏదో చెప్పి తలొంచుకుంది.

"ఏమన్నవు ఆమెతోని?" అని స్నేహలత అడిగింది.

"నాకు లెక్కలు రావు, బిల్లు దగ్గర అడగమన్న. నువ్వే చెప్తివి గద అక్కా."

అందులో ఎత్తిపొడుపు లేదు. పిల్ల నమ్మేసింది. ఆ మధ్యాహ్నం స్నేహలత ఆమెకు నిజం చెప్పేయాలనుకుంది. పెళ్లిళ్ల రద్దీ తగ్గాక చెబుదాంలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

రద్దీ తగ్గింది. ఆమె ఇంకా నోరు విప్పకముందే సేటు చీరల విభాగానికి వచ్చాడు, మంచి ఊపు మీద ఉన్నాడు.

"శాబాష్ మదీహా! నిన్ను బిల్లింగ్‌కు తీసుకుందామంటే మీ అక్క ఇయ్యలే. ఈ పిల్ల లేకుంటే మరాఠోళ్లంత పక్క దుకాణంకు పోతరు సేటూ అన్నది. నిజమే అయింది!"

మదీహా చేతులు ఆగిపోయాయి. "నాకు లెక్కలు రావని చెప్పలేదా సేటూ?"

"ఏం లెక్కలు?" అన్నాడాయన అర్థంకాక.

తక్కిన అమ్మాయిలు వింటున్నారు. సేటు వెళ్లాక స్నేహలత మదీహా దగ్గరికి వచ్చింది.

"తప్పయింది మదీహా. నువ్వు పోతే ఇక్కడ ఎట్ల నడుస్తదో అని భయపడ్డ."

"గదే చెప్పరాదా? సీజన్ అయ్యేదాంక ఆగేదాన్ని గద. అమ్మీకి గుడ చెప్పిన, నాకు దిమాగ్ లేదంట అని."

సాయంత్రం స్నేహలత మదీహాను వెంటపెట్టుకుని సేటు దగ్గరికి వెళ్లి, తాను ఆడిన అబద్ధం మహేష్ ముందే చెప్పింది. ఈ పిల్లకు బిల్లింగ్ నేర్పించాల్సిందే అంది.

"మరి వచ్చేటోళ్లకు చీరలు ఎవరు చూపిస్తరు?" అన్నాడు సేటు.

మదీహాయే జవాబిచ్చింది. "పొద్దుగాల గిరాకి ఉండదు, అప్పుడు నేర్సుకుంట. రష్ ఉన్నప్పుడు చీరల కాడ్నే ఉంట. మిగతావాళ్లకు మరాఠీ మాటలు నేనే నేర్పుత. కానీ పనిల ఉన్నప్పుడే నేర్పుత సేటూ, తినే టైముల కాదు."

సేటు కాసేపు గొణిగి సరేనన్నాడు.

వర్షాలు మొదలయ్యేసరికి మదీహా ఒంటరిగా బిల్లులు వేస్తోంది. కంప్యూటర్ మొత్తం చూపించినా, కాగితం మీద ఇంకోసారి కూడుకుని గానీ బిల్లు చింపి ఇవ్వదు. అది కనబడినప్పుడల్లా స్నేహలత చూపు తిప్పుకుంటుంది.

మొన్న సంజన అనే కొత్తమ్మాయి వచ్చి, బిల్లింగ్ నేర్చుకోవడానికి తననూ మహేష్ దగ్గర కూర్చోనిమ్మని అడిగింది.

"నీకు వస్తది బిడ్డా," అంది స్నేహలత. "కానీ ఇప్పుడు నేనే పంపలేను, ఇక్కడ మనుషులు సాలరు. దసరా దాటినంక పంపుత."

పక్కన బిల్లు వేస్తున్న మదీహాకు ఆ మాటలు వినిపించే ఉంటాయి. తల మాత్రం ఎత్తలేదు.