నాలుగో బిందె

పొద్దున్నే వాకిట్లో కల్లాపి చల్లే ముందు ఆ ఇంటి కోడళ్లు ముగ్గురూ పెరటి బావి దగ్గరున్న నీళ్లగట్టు చూసుకునేవాళ్లు. గట్టు మీద నాలుగు గుంతలు. మొదటిది అత్త లక్ష్మీనరసమ్మది, ఆమె పోయినప్పటి నుంచి ఖాళీ. తక్కిన మూడింట్లో పెద్దకోడలు యల్లక్క, నడిపామె కృష్ణమ్మ, చిన్నామె నీలావతి ఎవరి ఖాళీ బిందె వాళ్లు పెట్టి పడుకునేవాళ్లు. తెల్లారేసరికి లక్ష్మీనరసమ్మ వాటిని మార్చి ఉండేది. ఎవరి బిందె వాళ్ల గుంతలోనే మిగిలితే వాళ్లు ఆ పొద్దు వాకిలి దాటకూడదు. చచ్చి ఐదేళ్లయినా అత్త అత్తే కదా అని ఊళ్లో ఎవరూ దాన్ని వింతగా చెప్పుకోలేదు.

ఏ రోజూ ముగ్గురూ కలిసి బయటపడింది లేదు. అందుకే పక్కదాని బిందె కదలకూడదని ఎవరికి వాళ్లు మొక్కుకునేవాళ్లు. మగవాళ్లకు అంతకన్నా ఏం కావాలి?

1959లో ఒక సోమవారం ముగ్గురికీ పని పడింది. యల్లక్క రొమ్ములో గడ్డ హిందూపురం ఆసుపత్రిలో చూపించుకోవాలి. గోరంట్లలో కృష్ణమ్మ తల్లి నేడో రేపో అన్నట్టుంది. నీలావతికి పెనుకొండలో టీచరు ట్రైనింగు ఇంటర్వ్యూ. రెండేళ్లుగా సరిగ్గా ఆ రోజే ఆమె బిందె కదల్లేదు. ఈసారీ తప్పితే వయసు దాటిపోతుంది.

మామ ఆదినారాయణ అరుగు మీద శెనక్కాయలు ఒలుస్తూ లెక్క తేల్చేశాడు.

"మూడు బిందెలు ఆరు రకాలుగా పెట్టొచ్చు. యల్లక్కది కదలకుండా రెండు, కృష్ణమ్మది రెండు, నీది రెండు. ఆరులో ఆరు పోతే ఏముండాది? ముగ్గురూ ఒకే పొద్దు పోయేది లెక్కలోనే లేదమ్మా!"

నీలావతి ఆ శెనక్కాయలే తీసుకొని ఆరు వరసలూ పేర్చింది.

"మూడు బిందెలూ యాడివి ఆడనే ఉండే వరస ఒకటే మామా. దాన్నే యల్లక్క పేరున ఒకసారి, కృష్ణక్క పేరున ఒకసారి, నా పేరున ఒకసారి తీసేస్తివి. రెండు ఎక్కువ పోయినాయి, మళ్లా కలుపు. మేం ముగ్గురం పోయే వరసలు రెండుండాయి."

"ఉంటే ఐదేళ్లలో ఒక్కటన్నా రాలేదేం?"

నీలావతి ఆ రెండు వరసలూ మళ్లీ చూసింది. ఆరింట్లో రెండు. అన్ని పొద్దుల్లో ఒక్కటీ రాలేదంటే, ముసలామె ఎంచి ఎంచి పెడుతోంది.

ఆ ముందురోజు, ఆదివారం సాయంత్రం గట్టు దగ్గర నిలబడి అడిగింది. "ఆ రెండూ నీకూ తెలుసు గదత్తా. ఎందుకు పెట్టవు?"

వంటింట్లో చల్లారిన పొయ్యిలో బూడిద కదిలింది.

పొయ్యి దగ్గర ఆడది లేని ఇల్లు ఇల్లు కాదని అత్తకు నేర్పారు. ఆ భయం చచ్చినా పోలేదు. నీలావతి అటకెక్కి, సొట్టపడిన అత్త బిందె దించి మొదటి గుంతలో పెట్టింది.

"చచ్చినామెను మళ్లా చాకిరీకి పెడ్తాండావేమే?" అంది యల్లక్క.

"ఆమె మానిందెప్పుడక్కా?"

తెల్లారింది. అత్త బిందె దాని గుంతలోనే ఉంది, అంచుదాకా నీళ్లతో. తక్కిన మూడూ మారిపోయి ఉన్నాయి. ముగ్గురూ వెనక్కి చూడకుండా బస్సు కోసం పరిగెత్తారు.

సాయంత్రం నీలావతి ఒక్కతే తిరిగొచ్చింది. ఆదినారాయణ ఎంగిలిచెయ్యి కూడా కడుక్కోకుండా అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"కంచంలో వేడి ముద్ద పడిందమ్మా. పెట్టిన చెయ్యి కనబళ్లేదు."

ఎంపికైనట్టు ఇచ్చిన కాగితాన్ని నీలావతి కొంగున ముడేసుకుంది.

"బతికున్నప్పుడు కనబడిందా మామా?"

లోపల గాజులు ఒకసారి గలగలమని, ఆగిపోయాయి.