ఆరు బొక్కల డిస్ట్రిబ్యూటర్

కోట ఊళ్లో మెకానిక్ షెడ్డు పెట్టుకున్న హజరత్తయ్య ఆ సామాను చూడగానే మొహం చిట్లించాడు. మోతుబరి రైతు పద్మనాభయ్య తన పాత కారు కోసం మద్రాసు పాత సామాన్ల బజారులో ఏరి తెచ్చిన డిస్ట్రిబ్యూటర్ అది. కారుతో వచ్చిన దాన్ని వెధవ ఉప్పుగాలి తినేసింది. ప్లగ్గులకు కరెంటు పంచేది అదే కనక, బండి షెడ్డులోనే మూలుగుతోంది.

తెచ్చినది ఇంజను మీద చక్కగానే కూర్చుంది. కానీ ఇంజనుకు ప్లగ్గులు నాలుగే, దీని మూత చుట్టూ తీగలు పెట్టే బొక్కలు ఆరు. నాలుగు తీగలు దూర్చాక మిగిలిన రెండూ నోళ్లు తెరుచుకుని హజరత్తయ్యనే వెక్కిరిస్తున్నట్టున్నాయి.

“రెండు ఎక్కువుంటే మంచిదే కదా, హజరత్తయ్యా?” అన్నాడు పద్మనాభయ్య.

హజరత్తయ్యకు ఒళ్లు మండిపోయింది. “ఇది ఆరు ప్లగ్గుల ఇంజనుది, దీంతో నీ బండి కదల్దు. పాతది పక్కన పెట్టుకోని, రెండూ ఒకటేనా కాదా చూసి తెమ్మని చిలక్కి చెప్పినట్టు చెప్పినాను గదయ్యా! తీసకపోలేదా?”

“ఎట్ట తీసకపోతా? ఆ మద్రాసు పయనంలోనే మావాడికి పిల్లను చూసేదానికి పోతిమి. చెడిపోయిన ఇనుము చేతబట్టుకోని శుభకార్యానికి పోతారా ఎవరన్నా?”

హజరత్తయ్య జిడ్డుగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. “పిల్ల కుదిరిందా?”

“యాడ? జాతకాలు కలవలా.”

హజరత్తయ్య డిస్ట్రిబ్యూటర్ ఊడబీకి ఆయన కాళ్ల దగ్గర పడేసి, పక్కకు తిరిగి తుపుక్కున ఉమ్మాడు.

“పెళ్లిచూపులకు మాత్రం జాతకం మర్చిపోకుండా తీసకపోయినారు.”