తొంభై ఆరు పేజీలు, నాలుగువందల శనివారాలు

ఒంట్లో ఏ అవయవం వల్ల ఎక్కువ చిక్కులు వచ్చాయని ఎవరైనా అడిగితే, అళగిరి తడుముకోకుండా నాలుక పేరే చెబుతాడు. మోకాళ్లు కూడా ఈమధ్య పోటీకి వస్తున్నాయి గాని, అవి యాభై దాటాకే మొదలుపెట్టాయి. నాలుక మాత్రం చిన్నప్పటినుంచీ సెలవు పెట్టకుండా పనిచేస్తోంది.

ఆ సోమవారం కూడా అదే జరిగింది. తమిళనాడులో రాజపాళయం ఊరి బయట ఒక కాలేజీలో లైబ్రేరియన్లకు ఐదు రోజుల శిక్షణ పెట్టారు. పాత పుస్తకాలను స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించడం, వాటికి కేటలాగు రాయడం నేర్పుతారట. ఇరవై రెండు మంది వచ్చారు. ఒక్కొక్కరూ తమ లైబ్రరీ నుంచి అరుదైన వస్తువు ఒకటి తెచ్చి, ఐదో రోజుకల్లా దాని కేటలాగు పూర్తిచేసి అందరి ముందూ చూపాలి. పరిచయాలప్పుడు అందరూ బుద్ధిగా పేరూ ఊరూ చెప్పి కూర్చున్నారు. అళగిరి వంతు వచ్చింది.

"నేను స్పిన్నింగు మిల్లు వీధి వాచకశాల లైబ్రేరియన్‌ను. మా దగ్గర తెలుగు చేతిరాత నోట్‌బుక్కు ఒకటి ఉండాది. చోళపురం రైతు రాసినది. వాళ్ల కూతురికి ప్రతి శనివారమూ నేనే చదివి వినిపిస్తాను," అన్నాడు.

శిక్షణ ఇవ్వడానికి వచ్చిన సత్యప్రియ కళ్లు మెరిశాయి. ముప్పై ఐదేళ్ల అమ్మాయి, మెడలో ఐడీ కార్డు, చేతిలో మార్కర్. "అయితే క్లాసు మొత్తానికీ మీ నోట్‌బుక్కే నమూనాగా పెట్టుకొందాం సార్. ఆ కూతురిని కూడా ఆఖరి రోజు పిలుచుకొని రండి," అంది. అందరూ చప్పట్లు కొట్టారు. అళగిరి లేచి నమస్కారం కూడా పెట్టాడు. కూర్చున్నాక గాని ఎందులో ఇరుక్కున్నాడో తెలియలేదు.

ఎందుకంటే అళగిరికి తెలుగు చదవడం రాదు.

మాట్లాడటం వచ్చు, బ్రహ్మాండంగా వచ్చు. ఆ వీధిలో అందరికీ వచ్చినట్టే. ఇంట్లో పోట్లాట తెలుగులో, బడిలో చదువు తమిళంలో. వాళ్ల తాత ముత్తాతల నుంచీ అదే వాడుక. తెలుగు అక్షరాల్లో అళగిరి గుర్తుపట్టగలిగినవి రెండే రెండు. రెండూ తిరుపతి లడ్డు కవరు మీద చూసి నేర్చుకున్నవే.

ఎనిమిదేళ్ల కిందట బొమ్మక్క ఆ నోట్‌బుక్కును పాత చీర ముక్కలో చుట్టి వాచకశాలకు తెచ్చింది. చోళపురంలో పాత ఇల్లు పడగొట్టేటప్పుడు దూలం మీద దొరికిందట. వాళ్ల నాయన అయ్యాసామి వయసులో ఉన్నప్పుడు నాలుగేళ్లు గుంటూరు వైపు జిన్నింగు మిల్లులో పనిచేసి, అక్కడ అక్షరాలు నేర్చుకొని వచ్చి, తర్వాత ఒక ఏడాది పాటు వీలైన రోజు ఏదో రాసుకున్నాడు. నలుగురు అన్నలూ ఆ కాగితాలు తమకెందుకన్నారు. బొమ్మక్కకు ఏ అక్షరమూ రాదు.

"నువ్వు పుస్తకాల మజ్జన ఉండేవాడివి. తెలుగోడివి. చదివి చెప్పు నాయనా," అంది. నాకు రాదు పెద్దమ్మా అంటే అక్కడితో అయిపోయేది. మూడు మాటలు. కాని ఎదురుగా ఇద్దరు మిల్లు కార్మికులు పేపరు చదువుకుంటూ వింటున్నారు. లైబ్రేరియన్ అనే బోర్డు తల మీదే వేలాడుతోంది. అళగిరి కళ్లజోడు సర్దుకొని మొదటి పేజీ తెరిచాడు.

"నన్ను గురించి ఏమన్నా రాసినాడా?" అని అడిగింది బొమ్మక్క. ఆ ముఖం చూసి ఇక వెనక్కి రాలేకపోయాడు.

"ఎందుకు రాయడు పెద్దమ్మా? ఇదో, మా బొమ్మ ఈ పొద్దు ఒకతే దూడను తోలుకొని వచ్చినాది, మా పిల్ల పులి, అని రాసుండాడు."

అప్పటినుంచి ప్రతి శనివారం పెరుమాళ్ల గుడికి పోయి, అటునుంచి అటే వచ్చేది బొమ్మక్క. అళగిరి పేజీ తిప్పుతూ చదివేవాడు, అంటే అల్లేవాడు. తమిళ వారపత్రికల్లోని సీరియళ్లు చాలా సాయం చేశాయి. అయ్యాసామి కూతురి జడ గురించి, ధైర్యం గురించి, ఆమె పెట్టిన ముగ్గు గురించి పేజీలకు పేజీలు మురిసిపోయేవాడు. ఒకసారి అళగిరి ఊపులో పడి, అయ్యాసామి చేత కూతురిని మినీబస్సు ఎక్కించి శ్రీవిల్లిపుత్తూరు తేరు చూపించాడు. "అప్పుడు మినీబస్సు ఉండినాదా?" అని అడిగింది బొమ్మక్క. "రాసుండాడే," అన్నాడు అళగిరి నదురూ బెదురూ లేకుండా. తొంభై ఆరు పేజీల నోట్‌బుక్కు అలా నాలుగువందల శనివారాలు వచ్చింది. లైబ్రరీ విద్యలో తాను సాధించిన ఘనకార్యం ఇదొక్కటే అని అళగిరికి తెలుసు.

రెండో రోజు అందరికీ ఫారం ఇచ్చారు. పేరు, రాసినవారు, కాలం, భాష, విషయం, వివరణ. భాష దగ్గర తెలుగు అని రాసేటప్పుడు అళగిరి ఆగలేదు. ఫారం మొత్తంలో అతనికి ఖాయంగా తెలిసింది అదొక్కటే. వివరణ దగ్గర చాలాసేపు ఆలోచించి, 'చాలా మంచి విషయాలు ఉన్నవి' అని రాశాడు.

సత్యప్రియ అది చూసి నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "సార్, వివరణ అంటే పుస్తకం చూడనివాళ్లకు లోపల ఏమి ఉండాదో తెలియాల. మనకు తోచినది రాయకూడదు," అంది. అళగిరి తల ఊపాడు. మనకు తోచినది రాయకూడదు అనే మాట ఆ రోజంతా షేర్ ఆటోలో కూడా వెంట వచ్చింది.

మూడో రోజు స్కానింగు. నోట్‌బుక్కును నల్ల గుడ్డ మీద పరిచి, పైన కెమెరా పెట్టి, ఒక్కొక్క పేజీ తీశారు. తీసిన పేజీ గోడంత తెర మీద వెలిగింది. అయ్యాసామి పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకున్నవాడు కాబట్టి విడివిడిగా, లావుగా రాశాడు. లోకమంతా చూసేలా అక్కడ నిలబడి ఉన్నాయవి. అయినా అళగిరికి ఒక ధైర్యం. గదిలో ఉన్న మిగతా ఇరవై ఒక్క మందికీ తెలుగు లిపి రాదు.

టీ దగ్గర ఆ ధైర్యం కూడా పోయింది. "నేనూ రాజపాళయం పిల్లనే సార్," అంది సత్యప్రియ. "హైదరాబాదులో లైబ్రరీ సైన్సు చదివేటప్పుడు అక్షరాలు నేర్చుకొంటిని. మీ నోట్‌బుక్కు ఒక పది పేజీలు చదివినాను. వాన, ఎద్దు, బావి, ఇదే ఉండాది. బొమ్మక్క పేరు ఎక్కడ వస్తాది సార్?"

అళగిరి టీ గ్లాసులోకి చూశాడు. "వెనక పక్క," అన్నాడు. వెనక అంటే ఎంత వెనకో చెప్పలేదు.

నాలుగో రోజు సాయంత్రం నిజం చెప్పేద్దామని బొమ్మక్క ఇంటికి పోయాడు. ఆమె రేపటికి కట్టుకోవాల్సిన పట్టుచీరను దండెం మీద ఆరేసి ఉంచింది. "కాలేజీలో ఏసీ చాలా చలి పెద్దమ్మా. నువ్వు రావద్దు, జలుబు చేస్తాది," అన్నాడు. ఇంతకన్నా గొప్ప ఉపాయం తట్టలేదు. "అయితే స్వెటరు వేసుకొంటా," అంది ఆమె. "మా నాయన నన్ను గురించి రాసినది అంతమంది ముందర చదివితే, మా అన్నలు ఉండి వినుండాల. నలుగురూ పోయినారు, పావం." పనియారాలు పెట్టింది. చెప్పడానికి నోరు తెరిచినప్పుడల్లా ఒకటి తిని, మొత్తం ఆరు తిని, అళగిరి ఇంటికి వచ్చేశాడు. తనంత పిరికివాడు ఆ వీధిలో లేడని అతనికి ఆ రోజు అనుమానం లేకుండా తేలిపోయింది.

శుక్రవారం బొమ్మక్క పట్టుచీర మీద స్వెటరు వేసుకొని ముందు వరసలో కూర్చుంది. తెర మీద అళగిరి ఫారం, ముందు రాసింది చెరిపేశాక వివరణ గడి ఖాళీగా. సత్యప్రియ ఒక పేజీ తెరిచి గట్టిగా చదివింది.

"ఈ పొద్దు వాన లేదు. నల్లెద్దు కుంటుతా ఉండాది. బావిలో నీళ్లు రెండు మూరలు."

బొమ్మక్క వింది. "అది సరి తల్లీ. నన్ను గురించి ఉండేది చదువు. అళగిరి శనివారం శనివారం చదువుతాడే, అది."

సత్యప్రియ అళగిరి వైపు చూసింది. ఆ చూపులో ఆమెకు విషయం అర్థమైపోయిందని అతనికీ అర్థమైంది. నోట్‌బుక్కు తెచ్చి అతని చేతిలో పెట్టి పక్కకు జరిగింది. ఇక అతని ఇష్టం. నాలుకకు అలవాటైన పనే కదా, అదప్పటికే ఒక కథ సిద్ధం చేసుకుంది. అయ్యాసామి కూతురికి చోళపురం సంతలో గాజులు కొంటున్నాడు. మంచి కథ. ఎర్ర గాజులు. అళగిరి నోరు తెరిచాడు. ముందు వరసలో ఆ ముఖం ఎనిమిదేళ్ల కిందటి ముఖమే. ఇంకొక్క అబద్ధం ఆ ముఖానికి చెప్పాలంటే తన మీద తనకే రోత పుట్టింది.

"నాకు తెలుగు చదివేదానికి రాదు పెద్దమ్మా," అన్నాడు.

బొమ్మక్కకు వెంటనే ఎక్కలేదు.

"ఎనిమిదేళ్లు చదివినావే."

"చదవలేదు. నేనే సుమ్మా, అల్లి చెప్పినాను."

"దూడ?"

"నేనే."

"మినీబస్సు?"

"అదీ నేనే."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. బొమ్మక్క నవ్వలేదు. స్వెటరు గుండీలు ఒక్కొక్కటే పెట్టుకుంది, పైనుంచి కిందిదాకా. తర్వాత లేచింది.

"మా నాయన అంత మాట్లాడే మనిషి కాదు," అంది. "ఇంట్లో దినానికి నాలుగు మాటలు. కాగితంలో మాత్రం ఇంత మాట్లాడినాడే, లోపల ఇంత పెట్టుకొని ఉండినాడా, మనకు తెలీక పోయినాదే అని ఎన్ని రాత్రులు ఏడ్చినానో నీకు తెలుసునా?"

ఆమె వెళ్లిపోయింది. వెంటపోవడానికి అతనికి ముఖం చెల్లలేదు. సాయంత్రం సర్టిఫికెట్లు ఇచ్చారు. శిక్షణ విజయవంతంగా పూర్తిచేశాడని అళగిరి పేరు మీద కూడా ఒకటి అచ్చేశారు. అతను దాన్ని రెండుగా మడిచి జేబులో కుక్కుకున్నాడు. వివరణ గడిలో సత్యప్రియే రాసింది, 'చోళపురం రైతు దినచర్య. వాన, ఎద్దులు, బావి, పత్తి చేను.' అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

పోయేముందు ఆమె అళగిరికి ఒక చిన్నపిల్లల వాచకం ఇచ్చింది. తిట్టి ఉంటే మరిచిపోయేవాడేమో. పుస్తకం ఇచ్చింది కాబట్టి తప్పలేదు. వాచకశాలలో మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు యాభై నాలుగేళ్ల మనిషి ఎదుట పలక పెట్టుకొని అ ఆ ఇ ఈ దిద్దాడు. ఒత్తుల దగ్గర రెండు రోజులు అన్నం సయించలేదు. లడ్డు కవరు మీది రెండు అక్షరాల్లో ఒకటి తాను ఇన్నాళ్లూ తప్పుగా పలుకుతున్నాడని కూడా అప్పుడే తేలింది.

నాలుగు శనివారాలు బొమ్మక్క రాలేదు. నాలుగుసార్లూ అళగిరి పదింటినుంచి గుమ్మం వైపు చూస్తూనే ఉన్నాడు. ఎవరి చెప్పుల చప్పుడైనా లేచి నిలబడటం, తపాలా మనిషిని చూసి మళ్లీ కూర్చోవడం. ఆమెకు తానిచ్చిన నాయనను తానే లాక్కున్నాడు. అది ఎంత తలుచుకున్నా తరిగేది కాదు.

ఐదో శనివారం ఆమె వచ్చింది. పెరుమాళ్ల కుంకుమ నుదుట ఉంది. కుర్చీ లాక్కొని ఎదురుగా కూర్చుంది. పలక చూసింది, వాచకం చూసింది.

"నేర్చుకొన్నావా?"

"కొంచెం కొంచెం. చాలా మెల్లగా వస్తాది పెద్దమ్మా."

"మెల్లగానే చదువు. నాకు ఏమి పని? వాన అంటే వాన, ఎద్దు అంటే ఎద్దు. ఆయన రాసినదే కావాల. ఒక మాట ఎక్కువ వేసినావంటే లేచి పోతా."

స్కాన్ చేసిన పేజీలు వాచకశాల కంప్యూటర్లో ఉన్నాయి. సత్యప్రియ చదవని చోటుకు, నలభై ఒకటో పేజీకి పోయి, అళగిరి దాన్ని పెద్దది చేశాడు. అక్షరాలు తెర నిండా, అరచేతులంత అయ్యాయి. వేలు పెట్టి మొదలుపెట్టాడు. తప్పు చదివాడు, దిద్దుకున్నాడు, వాచకంలో వెతికాడు. పేపరు చదివే మిల్లు కార్మికుడు ఒకడు పేపరు దించి చూస్తున్నాడు. చూడనీ అనుకున్నాడు అళగిరి. పరువు అంటూ మిగిలింది ఏముంది గనక.

"పి... పిల్... పిల్ల... పిల్లకు. జ... జరం. పిల్లకు జరం."

చెమట తుడుచుకున్నాడు. తర్వాతి మాట ఏమిటో అతనికి తెలియదు. ఎనిమిదేళ్లలో ఆ నోట్‌బుక్కు ముందు అలా కూర్చోవడం ఇదే మొదలు.

"చే... చేనికి. పో... పోలేదు." ఒక్క గుక్కలో అన్నీ కలిపాడు. "పిల్లకు జరం. చేనికి పోలేదు."

ఆ పేజీలో ఇంకేమీ లేదు.

బొమ్మక్క తెర వైపు చూస్తూ ఉంది. "మా ఇంట్లో నలుగురు మొగపిల్లోళ్లు," అంది. "పిల్ల అంటే నేను ఒకతినే." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మా నాయన చేనికి పోని దినమే లేదు అళగిరి. మా అవ్వ చచ్చిన దినం కూడా పోయినాడు."

అళగిరికి ఏదో అనాలనిపించింది. జీవితంలో మొదటిసారి నాలుక కదలలేదు.

"ఇంకొకసారి చదువు," అంది ఆమె.

రెండోసారి అంత సేపు పట్టలేదు.