నలభై కుండల నఫీర్

అష్తా సజ్జ చేను కోతకొచ్చిన రోజే పట్నం వ్యాపారి మనుషులు గట్టు మీద ఇనుప కంచె పాతారు. అడ్డం వెళ్ళిన ముసలి హవ్వాను రాళ్ళ మీదకి తోసేశారు. ఆమె మోచెయ్యి చీరుకుపోయి ఒంటికి చుట్టుకున్న తెల్లని తోబ్ కొంగంతా నెత్తురైంది.

"ఆరు చేలూ అమ్ముడయ్యాయి. దీనికి నీ మొగుడే వేలిముద్ర వేశాడు, చూసుకో," అంటూ గుమాస్తా అష్తా మొహం ముందు కాగితం ఊపాడు.

జెబెల్ మర్రా కొండల్లో మొగుడి చేను మొగుడిది, పెళ్ళాం చేను పెళ్ళానిది. గాదెలూ వేరే. పట్నంవాడికి తెలియదు సరే, ఇరవయ్యేళ్ళు కాపురం చేసిన ఖమీస్‌కి ఏమైంది?

"పోలీసులు బెదిరించారే. ఏం చెయ్యను?" అన్నాడు ఖమీస్ నేల చూస్తూ.

"నీ చేను రాసివ్వాల్సింది. నాది రాసివ్వడానికి నువ్వెవడివి?"

బావి దగ్గర ఆడవాళ్ళు గుమిగూడారు. ఊరిపెద్ద షేక్‌కి చెబుదామన్నారు కొందరు.

"షేక్ ఆ వ్యాపారి ఇంట్లోనే టీ తాగుతున్నాడు," అంది హవ్వా. "నఫీర్ పిలవండే! ఊరంతా దిగి ఒక్కపూటలో కోసేద్దాం."

"పిలిచినవాళ్ళే కదా అందరికీ కూడు పెట్టాలి? ఎవరు పెట్టారో చూసి వాళ్ళనే పట్టుకుపోతారు," అని ఒకామె భయపడింది.

"అయితే ఎవరి కుండ వాళ్ళే తెచ్చుకోండి," అంది అష్తా.

అందరూ నోళ్ళు తెరిచారు. నఫీర్‌కి సొంత కూడు తెచ్చుకోవడమంటే పిలిచినవాళ్ళ మొహాన ఉమ్మినట్టే. అష్తా ఆ అవమానాన్ని తనే అడిగి తెచ్చుకుంది.

తెల్లవారేసరికి నలభై మంది ఆడవాళ్ళు నలభై కుండలతో వచ్చారు. కంచె పీకేశారు. తొమ్మిది మూరల తోబ్‌లు నడుముకు బిగించి, పాడుతూ కోశారు. పొద్దెక్కాక పోలీసు లారీ వచ్చింది, వెంట షేకూ వచ్చాడు.

"సంకటి ఎవరిదో చూడండి సార్, పిలిచిందెవరో తెలిసిపోతుంది," అన్నాడు షేక్.

పోలీసు అధికారి కుండల మూతలు తీయడం మొదలుపెట్టాడు. పదో కుండకి విసుగెత్తింది.

"ఎవరిదే ఈ నఫీర్?"

"కూర్చో నాయనా, నీకూ పెడతాం," అంది హవ్వా. "తిన్నాక కొయ్యాలి మరి!"

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. అధికారి మండిపడి అష్తా రెక్క పట్టుకుని లారీ ఎక్కించాడు. వెనకే హవ్వా ఎక్కింది. పట్టినంతమందీ ఎక్కారు.

"దిగండే!"

"ఎందుకు దిగాలి? అందరం కోశాం!"

గట్టున నిలబడి చూస్తున్న మగాళ్ళలోంచి ఖమీస్ దిగివచ్చి కంకుల మూట నెత్తికెత్తుకున్నాడు.

"ఎక్కడ పొయ్యమంటావే?"

"నా గాదెలో!" కదులుతున్న లారీలోంచి అరిచింది అష్తా. "రేపు హవ్వా చేను కొయ్యాలి. సంకటి వండటం నేర్చుకోండి!"

ఆ సాయంత్రం ఊరంతా మాడు సంకటి వాసన కొట్టింది. మర్నాడు పొద్దున్నే మగాళ్ళు కుండలతో హవ్వా చేలో దిగారు.