పసుపెక్కే మెట్లు

పొద్దున కాఫీలయ్యాక కౌసల్య మెట్ల దగ్గర పీట వేసుకుని కూర్చుంది. పెయింటర్ ఓదెలు తెచ్చిన నమూనాలన్నీ కింది మెట్ల మీద పరిచి ఉన్నాయి. రంగుల కార్డు, టైల్ ముక్కలు, నున్నటి చెక్క పలక, గరుకుగా ఉన్న నల్లరాయి. కాలు మోపే పాలరాయికేం లోటు లేదు. మెట్టుకీ మెట్టుకీ మధ్య నిలువుగా ఉండే పలకలకే, మేస్త్రీలు రైజర్లంటారే, వాటికి కొత్త రూపు కావాలి.

"తెలుపు వేసెయ్యి. పాలలా ఉండాలి," అంది కౌసల్య.

"మీ ఇంట్ల తెలుపు ఎన్నొద్దులుంటదమ్మా?" అని నవ్విండు ఓదెలు. షేక్‌పేట నుంచి వచ్చి ఫిల్మ్ నగర్‌లో సగం ఇళ్ళకు రంగులేసిన మనిషి. నోరు ఊరుకోదు.

అతనన్నదాంట్లో తప్పేం లేదు. ఆ మెట్లకి అబద్ధం పడదు. నోట్లో అబద్ధం పెట్టుకుని ఎవరెక్కినా పాదం ముందున్న రైజరు పసుపెక్కుతుంది. అప్పుడే పట్టిన పసుపు తడిగా ఉంటుంది, కాసేపటికి ఆరిపోతుంది. అన్నవాళ్ళు నోరు విప్పి నిజం చెబితే దానంతటదే పోతుంది. చెప్పకపోతే సబ్బుకీ పోదు, సోడాకీ పోదు. కౌసల్య భర్త కమలాకర్ సినిమాలకు సెట్లు వేయించే ఆర్ట్ డైరెక్టరు. అతని ఆఫీసు మేడమీద ఉన్న రోజుల్లో "వచ్చే సినిమాకి కూడా మీరేనండీ" అంటూ ఎక్కిన పెద్దమనుషుల పుణ్యమా అని మెట్లన్నీ శుక్రవారం గడపల్లా ఉండేవి. తెలివైనవాళ్ళు కిందే నిలబడి మాట్లాడేసి వెళ్ళిపోయేవారు. దాన్నెవరూ వింతగా చెప్పుకోలేదు. కొందరి ఇళ్ళలో కుళాయి కారుతుంది, వీళ్ళింట్లో మెట్లు పసుపెక్కుతాయి, అంతే.

కమలాకర్ రెయిలింగు పట్టుకుని దిగివచ్చాడు. రంగుల కార్డు తెరవనైనా తెరవలేదు. గొంతుక్కూర్చుని ఒక్కో ముక్క మీదా బొటనవేలితో రాసి చూశాడు. నల్లరాయి దగ్గర వేలు ఆగింది.

"ఇది వేయించు. గరుగ్గా ఉంది, నల్లగా ఉంది."

"ఇంట్లో మెట్లకి నలుపేంటండీ?"

"నల్లదైతే మంచిది."

"ఎవరికి మంచిది?"

కమలాకర్ చెప్పులేసుకుని స్టూడియోకి వెళ్ళిపోయాడు.

కౌసల్యకి మనసులో ముల్లు దిగింది. ఒకప్పుడు ఉత్తుత్తి గోపురానికి ఇటుక రంగు కుదరలేదని వారం రోజులు అన్నం సరిగ్గా తినని మనిషి ఈయన. సొంతింటికి రంగు ఎంచమంటే కార్డు ముట్టుకోలేదు.

"నల్లరాయి మీద పసుపు కనబడుతుందా ఓదెలూ?"

"ఏం కనబడదమ్మా. తెలివిగల్లోళ్ళు గందుకే గది..." అంటూనే ఓదెలు నాలిక్కరుచుకుని, డబ్బా మూత తీసే పనిలో పడ్డడు.

"రాయి సంగతి తర్వాత చూద్దాం. ముందు తెల్ల ప్రైమర్ కొట్టు," అంది కౌసల్య. దొంగ అడుగులు పట్టడానికి గుమ్మంలో పిండి చల్లినట్టే అనుకోండి.

సాయంత్రం కమలాకర్ వచ్చాడు. ఇంతసేపేం చేశారని అడిగితే "సెట్ పని" అన్నాడు. "ఇంకేం లేదుగా?" అంటే "ఇంకేముంటుంది?" అన్నాడు. అని మెట్లెక్కాడు, ఒక్కో మెట్టూ కాలితో తడుముకున్నట్టు నెమ్మదిగా. కౌసల్య వంటింటి గుమ్మంలోంచి చూస్తూనే ఉంది. అతని పాదం వెంట రైజర్లు వరసగా పసుపెక్కాయి. మనిషి మాత్రం జంకలేదు, తడబడలేదు.

పైనుంచి ఫోన్ మాటలు వినపడ్డాయి. "రేపు కూడా నువ్వు నా పక్కనే ఉండాలి లీలా. నువ్వు లేకపోతే సెట్‌లో నా పరువు పోతుంది."

లీలాకుమారి అతను సెట్లు వేస్తున్న సినిమాకే బట్టలు చూసే మనిషి. ఎప్పుడు కలిసినా నవ్వుతూ పలకరిస్తుంది. ఇన్నాళ్ళూ ఆ నవ్వు బాగుంటుందనే అనుకుంది కౌసల్య.

కమలాకర్ స్నానానికి వెళ్ళినప్పుడు అతని సంచి వెతికింది. అడుగున గుడ్డపీలికలు దొరికాయి. పట్టువి, నూలువి, ఒక్కోదానికీ మూలన ముడులు వేసి ఉన్నాయి. ఒకదానికి ఒకటే ముడి, ఇంకోదానికి రెండు. అమ్మ నా తల్లో లీలా, పరాయి మొగుడికి మందు పెట్టే రకమా నువ్వు అనుకుంది. పీలికలు ఎక్కడివక్కడ పెట్టేసింది గానీ ఆ పూట ముద్ద మింగుడు పడలేదు.

మర్నాడు పొద్దున్నకీ మెట్లు పచ్చగానే ఉన్నాయి. కమలాకర్ దిగివచ్చాడు. రైజర్లు ఎక్కేవాళ్ళకే కనబడతాయి, దిగేవాళ్ళకి కనబడవు. అందుకని అతను గడప దాకా వెళ్ళాక, "కళ్ళజోడు పైనే మర్చిపోయారు," అంది. ఆ కళ్ళజోడు ఆమే దాచింది లెండి.

కమలాకర్ వెనక్కి వచ్చాడు. మొదటి మెట్టు ముందు ఆగాడు. ఎదురుగా రైజరు పెళ్ళికూతురి పాదంలా పచ్చగా ఉంది. వంగి, ఆరిన పలకని అరచేత్తో తట్టాడు.

"తెలుపు బాగానే కుదిరింది కౌసల్యా. మచ్చ లేకుండా ఉంది."

ఎంత బరితెగింపు. కౌసల్య కడిగి పారేద్దామని నోరు తెరిచింది. అంతలోనే ఆ నోరు అలాగే ఆగిపోయింది. ఎవరిదో పెళ్ళికి వెళ్తే, జాకెట్టుకీ చీర అంచుకీ రంగులో పిసరంత తేడా ఉందని మంటపం దగ్గర్నుంచి ఆమెని చీర మార్చుకు రమ్మని ఇంటికి తిరిగి పంపిన మనిషి ఇతను. ఏ విషయంలోనైనా నటిస్తాడేమో గానీ, రంగు విషయంలో నటించలేడు. కోపమంతా దిగిపోయింది.

"ఏవండీ, నా చీర ఏ రంగు?"

అతను చాలాసేపు చూశాడు. "నీకు బాగుంది," అన్నాడు.

"రంగు అడిగాను."

కమలాకర్ మెట్టు మీద కూలబడ్డాడు.

"ఉగాది ముందు నుంచీ ఇలాగే ఉంది. మొదట ఎరుపు పోయింది. తర్వాత ఆకుపచ్చ. ఇప్పుడు అన్నీ బూడిద రంగే. తెల్లరాయికి తెల్ల రైజరైతే అంచు తెలీదు, పడిపోతానని నల్లరాయి అడిగాను. లీల పక్కన నిలబడి రంగులు చెబుతోంది. పీలికలకి ముడులు కూడా తనే వేసిచ్చింది, ఒక ముడి ఎరుపు, రెండు ముడులు ఆకుపచ్చ. రంగులు తెలియని ఆర్ట్ డైరెక్టర్ని ఎవరు పెట్టుకుంటారు? నీకు చెబితే పని మానేయమంటావు. పని మానేస్తే నేనేంటి కౌసల్యా?"

అతను చెబుతుండగానే మెట్ల మీద పసుపు ఒక్కొక్కటిగా దిగిపోయింది. కౌసల్యకి సిగ్గేసింది, ఏడుపొచ్చింది, అన్నిటికన్నా ఎక్కువగా భయమేసింది. ఓదెలుకి ఇల్లప్పగించి, అప్పటికప్పుడు ఆటో పిలిచి అతన్ని కంటాసుపత్రికి తీసుకెళ్ళింది.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు ఇద్దరినీ కోప్పడ్డాడు. కంటి నరం ఎండిపోతోందనీ, ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే చూపే పోయేదనీ అన్నాడు. కమలాకర్ని మందుల కోసం బయటికి పంపి కౌసల్యతో మెల్లగా చెప్పాడు.

"చూపు నిలబెడతామమ్మా, సమయానికి తెచ్చారు. పోయిన రంగులు మాత్రం రావు. ఆయనకి మీరే నిదానంగా చెప్పండి."

ఇంటికొచ్చేసరికి ఓదెలు మెట్ల దగ్గర బ్రష్షులు కడుక్కుంటున్నడు. కమలాకర్ రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు.

"రంగుల గురించి ఏమన్నాడు?"

"వస్తాయన్నాడు. కాస్త టైం పడుతుందట," అంది కౌసల్య. అని, అతనికి మొహం చూపించకుండా మెట్టెక్కింది.

తెల్లటి రైజరు నిండా పసుపు పొంగింది. ఆ ఇంటికి కోడలై వచ్చాక ఆమె కాలి ముందు పసుపు పట్టడం అదే మొదలు. ఓదెలు చూసి, చూడనట్టు డబ్బాలోకి తల దూర్చిండు.

వెనకాల కమలాకర్ ప్యాంటు అంచు సర్దుకుంటున్నట్టు వంగాడు. రైజరు మీద వేలు పెట్టాడు. తడి తగిలింది. ఆ తడిని బొటనవేలితో రాసి చూసుకుని, జేబురుమాలుకి తుడుచుకున్నాడు.

"ఓదెలూ, ఆ నల్లరాయే తెప్పించు," అన్నాడు.

కౌసల్య వెనక్కి తిరిగింది. "నేనూ అదే అనుకుంటున్నాను. మీకు అంచులు తెలుస్తాయి."

"అంచుల కోసమే కాదు. ఇకనుంచి నన్ను ఊరడించడానికి నువ్వు రోజూ ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది కదా."

ఆమె ఒక మెట్టు దిగి అతని చెయ్యి పట్టుకుంది. అతనే అడిగాడు.

"ఈ చీర ఏ రంగో మాత్రం నిజం చెప్పు."

"ఆకుపచ్చ. చిలకపచ్చ కాదు, లేత మామిడాకు రంగు. గద్వాల్ వెళ్ళినప్పుడు మీరే ఎంచారు."

"అయితే ఆ రంగు నాకు గుర్తుంది," అన్నాడు కమలాకర్. ఇద్దరూ కలిసి పై మెట్టు ఎక్కారు. ఈసారి నోట ఉన్నది నిజమే, ఆ మెట్టు తెల్లగానే ఉంది.